రేపటి ప్రయాణమును ఇంగ్లీషులో చెప్పుటెట్లు?

తెలుగువాని నోట "వెళ్తాను" అను మాట చేయని పని లేదు. "ప్రతి శనివారము గుడికి వెళ్తాను" అన్నప్పుడు అది అలవాటును తెలుపును. "వచ్చే నెల విశాఖపట్నం వెళ్తాను" అన్నప్పుడు జరుగనున్న దానిని తెలుపును. ఉప్పు నిండుకొన్నదని అమ్మ అనగానే "ఉండమ్మా, నేను వెళ్తాను" అని కొడుకు లేచినచో, ఆ క్షణమున పుట్టిన నిశ్చయమును తెలుపును. వాకిట చెప్పులు తొడుగుకొనుచు "ఇక వెళ్తానండి" అన్నచో అది సెలవు పుచ్చుకొనుట. ఇన్ని అర్థములను ఒక్క రూపమే మోయుచున్నను మనలో ఎవ్వరును తికమకపడరు. సందర్భమును బట్టి, కంఠస్వరమును బట్టి తెలిసికొందుము.

చిక్కు ఇంగ్లీషు తరగతిలో మొదలగును. "వెళ్తాను" అనగా "ఐ విల్ గో" అని ఒకసారి కంఠస్థము చేసిన పిల్లవాడు పై నాలుగు చోట్లను "ఐ విల్ గో" అనియే వ్రాయును. కొన్ని చోట్ల పరీక్షకుడు తప్పు పట్టుటకు కూడ వీలుండదు. కాని వినువాడు గ్రహించు అర్థము వేరుగా నుండును. భువనేశ్వరములోని ఒక కళాశాలనుండి ఫోనులో "ఆర్ యూ కమింగ్ ఆన్ మండే?" అని అడిగినారనుకొందము. టిక్కెట్టు కొని పెట్టె సర్దుకొన్న విద్యార్థి, పెద్దల యెదుట గట్టిగా చెప్పుట అవినయమేమో అని, ఇంటిలో "చూస్తానండి, వస్తానండి" అనునట్లుగా "ఐ విల్ ట్రై టు కమ్, సర్" అనును. అవతలివారు ఈ అబ్బాయి రాక సందేహమని వ్రాసికొందురు. మన వినయము వారికి సందేహముగా వినబడినది. "యస్ సర్, ఐ యామ్ కమింగ్ ఆన్ మండే" అనియుండిన పని తీరియుండును.

ఇట్టి సందర్భములను చూచి కొందరు తలిదండ్రులు "తెలుగు మాధ్యమములో చదివినందుననే మా పిల్లవానికి ఇంగ్లీషు రాలేదు" అని అనుకొనుచున్నారు. ఈ ప్రాంతమున ఆ మాట తరచుగా వినబడుచున్నది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి గంజాం ప్రాంతము అందులో చేరిన నాటినుండి ఇచ్చటి తెలుగు కుటుంబముల బిడ్డలు ఇంట తెలుగును, వీధిలో ఒడియాను, బడిలో ఈ రెంటితోపాటు ఇంగ్లీషును మోయుచున్నారు. మూడు భాషల బరువులో మొదట దింపవలసినది తెలుగే అని తోచుట సహజము. అది సరి కాదని మా అభిప్రాయము. భవిష్యత్తును చెప్పు పాఠము ఒక్కటి చాలు, తెలుగు ఎంత సాయము చేయగలదో చూపుటకు. ఆ పాఠమునకు ప్రయాణము కంటె అనువైన విషయము లేదు. ప్రయాణములో తలపు, నిర్ణయము, టిక్కెట్టు, బండి వేళ, వాన, ఆలస్యము అన్నియు ఉన్నవి. ఒక్కొక్క దానికి ఇంగ్లీషు ఒక్కొక్క రూపము వాడును.

ముందు మన వ్యాకరణమును చూతము. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున వర్తమానము, భూతము, భవిష్యత్తు అను మూడింటితోపాటు తద్ధర్మము అని నాలుగవ దానిని చెప్పినాడు. వచ్చుచున్నాడు, వచ్చెను, వచ్చెదను అనునవి మొదటి మూడింటికి ఉదాహరణములు. "సూర్యుడు తూర్పున ఉదయించును" అనునది తద్ధర్మము. అనగా ఆ వస్తువుయొక్క స్వభావము, వాడుక, ఎప్పుడును జరుగునట్టిది. గ్రాంథికమున "వత్తును" అనునది అలవాటునకు, "వచ్చెదను" అనునది రానున్న కాలమునకు వేరువేరుగా ఉండెడివి. వాడుక భాషలో ఈ రెండును కలిసిపోయి "వస్తాను" ఒక్కటే మిగిలినది. కావున మన పిల్లవాని మనస్సులో ఈ భేదము లేదనుట తప్పు. ఆ భేదమునకు వేరు రూపము లేకపోవుటయే అసలు సంగతి.

ఇరుగుపొరుగు భాషలను కూడ చూడుడు. ఒడియాలో "మూఁ జాఏ" అనగా అలవాటుగా వెళ్ళుదును, "మూఁ జిబి" అనగా వెళ్ళగలను. రెండును వేరు. మరాఠీలో "జాతో" వేరు, "జాయీన్" వేరు. షోలాపురములోని తెలుగు బిడ్డకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. కన్నడమున "హోగుత్తేనె" అనునది మన "వెళ్తాను" వలెనే రెండు పనులును చేయును. తమిళమున "పోవేన్" భవిష్యత్తునకు వచ్చును గాని పూర్వపు అలవాటులను చెప్పుటకును వచ్చును. ఈ విషయమున తమిళ కన్నడములు మనకు తోబుట్టువులే. బరంపురపు పిల్లవాడు వీధిలో ఆడుకొనునప్పుడు "జాఏ", "జిబి" అను రెండు రూపములను పొరపాటు లేక వాడుచున్నాడు గదా! ఆ నేర్పును ఇంగ్లీషు గంటలో జ్ఞాపకము చేయుట ఉపాధ్యాయుని పని. ఒకే తరగతిలో మూడు భాషలు తెలిసిన పిల్లలుండుట లోపమని ఎవరు చెప్పిరో తెలియదు. మాకు అది కలిమిగా కనబడుచున్నది.

ఇక ఇంగ్లీషునకు వత్తము. బడి పుస్తకములలో "ఫ్యూచర్ టెన్స్" అని పెద్ద అక్షరములతో అచ్చువేసి "విల్", "షల్" అని క్రింద వ్రాయుదురు. నిజమునకు ఇంగ్లీషు క్రియకు రూపము మారునది రెండు కాలములకే. "గో" అనునది "వెంట్" అగును గాని, భవిష్యత్తును తెలుపుటకు దానికి మరియొక రూపము లేదు. ప్రాచీన ఇంగ్లీషులో వర్తమాన రూపముతోనే రేపటి సంగతిని కూడ చెప్పెడివారు. "విల్" అను మాటకు మొదటి అర్థము కోరుట. మన వీలునామాలోని "వీలు" ఈ "విల్" అను మాటయే: చనిపోవువాడు తన కోరికను వ్రాసి ఉంచిన పత్రము. "షల్" అనగా ఋణపడియుండుట, విధిగా చేయవలసియుండుట. కోరుట, కట్టుబడుట అను రెండు భావములనుండి రేపటి మాటలు పుట్టినవన్నమాట.

పూర్వపు వ్యాకరణములలో "ఐ", "వి" అను వాని తరువాత "షల్", తక్కిన వాని తరువాత "విల్" అని కఠినమైన నియమముండెను. దీనిని గూర్చి ఒక పాత హాస్యకథ కలదు. నీటిలో పడిన ఒకడు ఈ రెంటిని తారుమారు చేసి "ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మి" అని కేకవేసెనట. ఒడ్డునున్నవారు, ఇతడు మునుగుటకే నిశ్చయించుకొన్నాడు, ఎవ్వరును రక్షింపరాదని ఆజ్ఞాపించుచున్నాడు అనుకొని ఊరకుండిరట! నేడు ఆ నియమము చాల వరకు సడలినది. "ఐ విల్" అన్నచో ఎవ్వరును ఆక్షేపింపరు. "షల్ వి గో?" అని సలహా అడుగునప్పుడు మాత్రము "షల్" నిలిచియున్నది. అది మన "వెళ్దామా?" అనుదానికి చక్కగా సరిపోవును.

ఇప్పుడు ఒక ప్రయాణమును కట్టుదము. బరంపురములోని ఒక కుటుంబము వారికి విశాఖపట్నములో పెదనాన్నగారి అమ్మాయి పెండ్లి. రైలు మార్గమున దూరము సుమారు 277 కిలోమీటర్లు. సుమారు 25 కిలోమీటర్లు పోగానే ఇచ్ఛాపురము, అచ్చటినుండి ఆంధ్రప్రదేశ్. తరువాత పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరము మీదుగా విశాఖ. పెండ్లికి ఇంకను 70 దినములున్నవి. రాత్రి భోజనములవేళ ఇంటిలో మాట వచ్చినది. "మనమందరము వెళ్తే బాగుండును" అని అమ్మ అన్నది. ఇది తలపు మాత్రమే. ఇంగ్లీషులో "వి ఆర్ థింకింగ్ ఆఫ్ గోయింగ్" అనిగాని "వి వుడ్ లైక్ టు గో" అనిగాని చెప్పవలెను. ఇచ్చట "వి విల్ గో" అన్నచో మాట తలపును దాటిపోవును.

నాన్నగారు లెక్కలు చూచుకొని "సరే, అందరము వెళ్తున్నాము, నిశ్చయము" అన్నారు. ఇప్పుడు సంకల్పము కుదిరినది. కాని టిక్కెట్టు లేదు, ఉండుటకు వీలులేదు కూడ. 2024 నవంబరు 1వ తేదీనుండి రైల్వేవారు ముందస్తు రిజర్వేషన్ గడువును 120 దినములనుండి 60 దినములకు తగ్గించినారు గదా! కావున సంకల్పమున్నది, ఏర్పాటు లేదు. ఈ దశకు ఇంగ్లీషువాడు వాడు రూపము "గోయింగ్ టు". "వి ఆర్ గోయింగ్ టు అటెండ్ ద వెడింగ్." పిల్లలు దీనిని చూచి బెదరుదురు. "గోయింగ్" అనగా వెళ్ళుట గదా, పెండ్లికి హాజరగుటకును, ఇల్లు కొనుటకును "గోయింగ్" ఏల అని అడుగుదురు.

ఈ ప్రశ్నకు సమాధానము మన భాషలోనే ఉన్నది. "వెళ్ళబోతున్నాము", "కొనబోతున్నాము", "వాన పడబోతున్నది" అని మనమనుచున్నాము. ఈ "బో" ఎచ్చటిది? అది "పోవు" అను క్రియయే. కొనుటకై పోవుచున్నాము అనునది కొనబోతున్నాము అయినది. ఇంగ్లీషున కూడ "గోయింగ్ టు" అనునది మొదట నిజముగా నడచిపోవుటను తెలిపినదే. ఒక పని చేయుటకై దారిన పోవుచున్నాను అనుట క్రమముగా ఆ పని చేయు ఉద్దేశములో ఉన్నాను అని మారినది. 17వ శతాబ్దినాటికి అది రానున్న కాలపు గుర్తుగా నిలిచిపోయినది. సముద్రములకు ఆవలనున్న ఒక భాషయు, గోదావరి తీరపు మన భాషయు ఒకరినొకరు ఎరుగకయే ఒకే దారిన నడచినవి. "వి ఆర్ గోయింగ్ టు బై ఎ హౌస్" అనగా "మేము ఇల్లు కొనబోతున్నాము" అని చెప్పినచో తెలుగు బిడ్డకు వేరొక వ్యాఖ్యానము అక్కరలేదు. ఇట్టిచోట మాతృభాష అడ్డుగోడయా, తలుపా అన్నది తలిదండ్రులే ఆలోచింపవలెను.

"గోయింగ్ టు గో" అనుట తప్పు కాకపోయినను చెవికి ఇంపుగా నుండదు. వ్యవహారమున దానిని "గోయింగ్" అనియే ముగింతురు.

మన కథలో దినములు గడచినవి. 60 దినముల గడువు రాగానే నాన్నగారు స్టేషనుకు పోయి రిజర్వేషన్ ఫారము నింపి ఇచ్చినారు. నాలుగు బెర్తులు కన్‌ఫరమ్ అయినవి. ఇప్పుడు మాట మారును. "వి ఆర్ లీవింగ్ ఆన్ ఫ్రైడే." "వి ఆర్ స్టేయింగ్ విత్ మై అంకుల్." వర్తమానమున జరుగుచున్న పనికి వాడు రూపమే శుక్రవారపు ప్రయాణమునకు వచ్చినది. ఏలయన, ఏర్పాటు అప్పుడే మొదలైనది. డబ్బు కట్టినారు, తేదీ పడినది, పెదనాన్నగారికి కబురు వెళ్ళినది. ఇదియు మనకు కొత్త కాదు. టిక్కెట్టు చేతికి వచ్చిన మరునాడు పక్కింటివారితో అమ్మ "శుక్రవారం విశాఖ వెళ్తున్నామండి" అనునే గాని "వెళ్తామండి" అనదు. "వెళ్తాము" అన్నచో "టిక్కెట్లు దొరికాయా?" అని వారు తిరిగి అడుగుదురు. ఈ తేడా మన చెవికి పుట్టుకతోనే తెలియును.

ఒక హెచ్చరిక. మనుష్యులు ఏర్పాటు చేసిన పనులకే ఈ రూపము చెల్లును. "ఇట్ ఈజ్ రెయినింగ్ టుమారో" అనరాదు. వానను ఎవ్వరును రిజర్వు చేయలేరు. తెలుగులో "రేపు వాన పడుతున్నది" అని ఎవ్వరైన అన్నచో నవ్వుదుము గదా, ఇంగ్లీషువాడును అట్లే నవ్వును.

టిక్కెట్టు వెయిటింగ్ లిస్టులో పడినచో? అప్పుడు "వి మే గో", "వి హోప్ టు గో" అనునవి తగిన మాటలు. మా విద్యార్థులకు ఈ పోలిక బాగుగా పట్టుబడినది. టిక్కెట్టు పుట్టక ముందు "గోయింగ్ టు", వెయిటింగ్ లిస్టున "మే", కన్‌ఫరమ్ అయినపిదప "వి ఆర్ గోయింగ్". ఏ రూపము వాడవలెనో తోచనప్పుడు "నా నిర్ణయము ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నది?" అని తమను తాము ప్రశ్నించుకొన్నచో చాలును. సూత్రములను వల్లె వేయుటకంటె ఇది మేలు.

బండి వేళ సంగతి వేరు. సమయ పట్టికలో 5 గంటలకని ఉన్నచో "ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ ఫైవ్" అందురు. ప్రయాణము వచ్చే నెలలోనిదైనను క్రియ మాత్రము అలవాటును తెలుపు రూపములో ఉండును. చిన్నయసూరి చెప్పిన తద్ధర్మము ఇచ్చట అక్కరకు వచ్చును. 5 గంటలకు బయలుదేరుట ఆ బండియొక్క ధర్మము. మనము ఎక్కినను ఎక్కకపోయినను అది 5 గంటలకు బయలుదేరవలసినదే. కావున "వి ఆర్ లీవింగ్ ఆన్ ఫ్రైడే, అండ్ అవర్ ట్రెయిన్ లీవ్స్ ఎట్ ఫైవ్" అని ఒకే వాక్యమున రెండు రూపములు పక్కపక్కన వచ్చును. మొదటిది మన ఏర్పాటు, రెండవది బండి ధర్మము. వార్తాపత్రికలలోను ప్రకటనలలోను "ద ట్రెయిన్ విల్ లీవ్" అని కూడ కనబడును. అదియు సరియైనదే, కొంచెము అధికారికముగా వినబడును.

మరి "విల్" ఎప్పుడు? కోరుట అను పాత అర్థము ఇంకను దానిలో ఊపిరి పీల్చుచున్నది. స్టేషనులో అమ్మమ్మ చేతిసంచి బరువుగా ఉండుట చూచి మనుమడు "ఐ విల్ క్యారీ ఇట్" అనును. అంతకు ముందు అతడు ఆ సంగతి తలపలేదు. చూచినాడు, అప్పుడే నిశ్చయించినాడు. ఇచ్చట "ఐ యామ్ గోయింగ్ టు క్యారీ ఇట్" అన్నచో నెల దినములనుండి సంచి మోయు సంకల్పములో ఉన్నట్లు వినబడును! మాట ఇచ్చునప్పుడును "విల్" తగును: "ఐ విల్ ఫోన్ యూ ఎవ్రీ డే." ఊహించి చెప్పునప్పుడును తగును: "ఐ థింక్ ఇట్ విల్ బి క్రౌడెడ్." అయితే కన్నుల యెదుట గుర్తు కనబడుచున్నచో మరల "గోయింగ్ టు" వచ్చును. సముద్రముమీద నల్లని మేఘములు క్రమ్ముచున్నవి, "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్", వాన పడబోతున్నది. ఇచ్చటను మన "బో" తప్పక తోడుగా నిలుచును.

మన పిల్లలు ఎక్కువగా జారిపడు మెట్టు ఇంకొకటి కలదు. "వెన్ ఐ విల్ రీచ్, ఐ విల్ ఫోన్ యూ" అని తొమ్మిదవ తరగతి దాటినవారును వ్రాయుదురు. చేరుటయు ఫోను చేయుటయు రెండును రేపటివే గదా, రెంటికిని "విల్" ఉండవలదా అని వారి వాదము. ఇంగ్లీషున "వెన్", "ఇఫ్", "ఆఫ్టర్", "అంటిల్" అను వాని తరువాత ఈ అర్థములో "విల్" రాదు. "వెన్ ఐ రీచ్, ఐ విల్ ఫోన్ యూ" అనవలెను. దీనిని కంఠస్థము చేయింపనక్కరలేదు. "చేరగానే ఫోను చేస్తాను", "వాన పడితే ఆగుతాము" అను వాక్యములను బల్లమీద వ్రాసి, "చేరగానే", "పడితే" అను వానిలో కాలపు గుర్తు చూపుమని అడుగవలెను. పిల్లలు వెదకి వెదకి లేదందురు. కాలమంతయు చివరి క్రియలోనే ఉన్నది. ఇంగ్లీషు వాక్యమునను భవిష్యత్తు భారమును ప్రధాన క్రియయే మోయును, మొదటి ముక్క తేలికగా ఉండును. ఈ పోలిక ఒకసారి చూచినవాడు మరల "వెన్ ఐ విల్" అని వ్రాయుట అరుదు.

"ఐ విల్ గోయింగ్", "ఐ యామ్ గో" అనునవి వేరు జాతి తప్పులు. "వెళ్తాను", "వెళ్తున్నాను" అను రెంటిని ఒక్క నోట చెప్పబోయి పిల్లవాడు తొట్రుపడుటవలన వచ్చునవి. వాడుక పెరిగినకొలది అవే పోవును. వీనికై బెత్తమును గాని ఎఱ్ఱ సిరాను గాని విరివిగా వాడుట అనవసరము.

మర్యాద మాటకు వత్తము. తెలుగున "వస్తావా", "వస్తారా" అను భేదముచేతనే గౌరవము తెలియును. ఇంగ్లీషున "యూ" ఒక్కటే. మర్యాదను వేరొక చోట చూపవలెను. "విల్ యూ కమ్ విత్ అస్?" అనునది ఆహ్వానము, లేక కోరిక. "ఆర్ యూ కమింగ్ విత్ అస్?" అనునది ఏర్పాటు ఏమని విచారించుట. పెద్దవారిని ఒత్తిడి పెట్టక తెలిసికొనగోరినచో "విల్ యూ బి స్టేయింగ్ ఫర్ ద ఫెస్టివల్?" అందురు. "తమరు పండుగ వరకు ఉంటారాండీ?" అని మెల్లగా అడిగినట్లుండును. మా యనుభవమున ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఈ చివరి రూపము ఎవ్వరును నేర్పుట లేదు. వ్యాకరణ పుస్తకములో అది ఏడెనిమిది పుటల తరువాత "ఫ్యూచర్ కంటిన్యువస్" అను పేరుతో ప్రాణములేక పడియుండును.

ఆచారములు కూడ నాలుకను పట్టుకొనును. బయలుదేరువానిని "ఎక్కడికి?" అని అడుగుట మనలో అపశకునము. "దూరమా?" అందుము. ఇంగ్లీషు సంభాషణను నేర్పునప్పుడు "వేర్ ఆర్ యూ గోయింగ్?" అను మొదటి ప్రశ్నకే కొందరు పిల్లలు ముఖము చిట్లింతురు. అభ్యాసమునకు అది పనికివచ్చునని, అయినను ఇంగ్లీషువారిలోను అపరిచితుని ఊరక అట్లడుగుట అంత మర్యాద కాదని చెప్పవలెను. అట్లే మనము "వెళ్తాను" అని ఊరకొనక "వెళ్ళొస్తాను" అందుము. తిరిగి రాక చెప్పనిదే గడప దాటము. తమిళులును కన్నడిగులును ఇట్లే అందురు. దీనిని "ఐ విల్ గో అండ్ కమ్" అని మార్చినచో వినువాడు ఇప్పుడే పోయి ఇప్పుడే వచ్చునని తలచును. "ఐ యామ్ లీవింగ్ నౌ. సీ యూ ఆన్ మండే" అన్నచో తిరిగి వచ్చు మాటయు చెల్లును, శకునమును చెడదు.

తరగతిలో దీనిని ఆచరణలో పెట్టుటకు ఖర్చు లేదు. స్టేషనులోని పట్టికనుండి అయిదారు బండ్ల వేళలు వ్రాసికొని రావలెను. కొన్ని ఖాళీ రిజర్వేషన్ ఫారములు అడిగి తెచ్చుకొనవలెను. ఇద్దరిద్దరుగా కూర్చుండబెట్టి ఒకరికి పట్టికను, రెండవవానికి ఒక చీటీని ఇవ్వవలెను. చీటీలో "అమ్మమ్మగారు బండి మారలేరు, సాయంకాలములోపల విశాఖ చేరవలెను, వచ్చునది నలుగురు" అని ఉండును. పట్టిక గలవానికి ఈ సంగతి తెలియదు, చీటీ గలవానికి వేళలు తెలియవు. ఇద్దరును మాటలాడుకొననిదే పని జరుగదు. ఒకరి వద్ద లేనిది ఒకరి వద్ద ఉన్నప్పుడే నిజమైన సంభాషణ పుట్టును. ఇద్దరి చేతులలోను ఒకే పాఠమున్నచో అది వల్లెవేతయే అగును. తప్పులను మధ్యలో దిద్దరాదు. విని వ్రాసికొని, చివరి అయిదు నిమిషములలో బల్లమీద చర్చింపవలెను.

ఇంటిలో ఇంగ్లీషు రాని తలిదండ్రులును ఈ పాఠమునకు సాయపడగలరు. ప్రయాణమున్నప్పుడు బిడ్డను కూర్చుండబెట్టుకొని తెలుగులోనే అడుగుడు: "ఇది అనుకొంటున్నదా, నిశ్చయించినదా, టిక్కెట్టు కొన్నదా?" బిడ్డ ఆ మూడింటిని వేరుచేసి తెలుగులో చెప్పగలిగినచో ఇంగ్లీషులో సగము పని అయినట్లే. 1956లో రాజ్యాంగమునకు ఏడవ సవరణ చేసినప్పుడు 350ఎ అధికరణమును చేర్చి, భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కల్పించుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని నిర్దేశించిరి. తెలుగున ఆలోచించి వేరుచేసి చెప్పగల బిడ్డ ఇతర భాషలలోను అట్లు చేయగలడు. అట్లు చేయలేని బిడ్డకు ఏ మాధ్యమమైనను బరువే.

మొన్న తరగతిలో ఒక ప్రశ్న వచ్చినది. టిక్కెట్టు కన్‌ఫరమ్ కాలేదు, వెయిటింగ్ లిస్టునను లేదు, ఆర్.ఎ.సి.లో ఉన్నది. ఏ రూపము వాడవలెను? సగము మంది "వి మే గో" అన్నారు. బండి ఎక్కుటకు హక్కున్నప్పుడు "మే" ఏల అని తక్కినవారు ఎదిరించిరి. కూర్చుండుటకు చోటున్నది గాని పండుకొనుటకు బెర్తు సందేహము గదా అని మొదటివారు పట్టుబట్టిరి. కొంతసేపు తెలుగులోను ఒడియాలోను వాదము సాగినది. చివరకు వెనుక బల్లమీద కూర్చున్న ఒక ఎనిమిదవ తరగతి బాలిక లేచి వాక్యమును రెండుగా చేసి బల్లమీద వ్రాసినది: "వి ఆర్ ట్రావెలింగ్ ఆన్ ఫ్రైడే, బట్ వి మే నాట్ గెట్ ఎ బర్త్."